కప్పతల్లినెత్తిన జానమ్మ

దిగు సంతోషీ, ఆ మంచం మీదికెల్లి దిగు ముందుగాల. బల్లి ఎప్పుడో ట్యూబులైటు ఎన్కకు పోయింది. పోయి దాని పిల్లలకు చెప్తుంటది, గీ ఇంట్ల ఒక టీచరమ్మ ఉన్నది, నన్ను సూసి మంచమెక్కిందని. ఏంది, నవ్వొస్తలేదా? అగో, కండ్లల్ల నీళ్లెందుకే? ఏమయిందో చెప్పు. ఆఁ... బడిల గూడ పడ్డదా? ఎక్కడ, హాజరు పుస్తకం మీదనా? నువ్వు బైటికి ఉరికినవా? పిల్లగాండ్లు నవ్విండ్రా? నవ్వరా మరి, నేనున్నా నవ్వేదాన్ని. ఇగ రేపటి సంది బడికి పోనంటవా? ఓర్ని... బల్లి కోసం నౌకరి ఇడుస్తవానే? మీ అమ్మకు ఫోన్ చేసినవా, ఏమన్నది? "భయపడకూడదమ్మా, ధైర్యంగా ఉండాలమ్మా" అన్నదా? అంటది అంటది. కోదాడకు ఇచ్చినప్పటి సంది నా బిడ్డ మాటనే అట్ల తయారయింది, నాతోని గూడ "తిన్నావా అమ్మా, పడుకున్నావా అమ్మా" అంటది, ఎవరో పక్కింటామె పలకరించినట్టు. ధైర్యంగ ఉండుమంటే ఉంటమా? అది దొరికేదే అయితే సూర్యాపేట మార్కెట్ల టమాటలతోని కలిపి నేనే తెచ్చి పెడ్దును. కూసో గీడ. నా కాళ్లు జర ఒత్తుకుంట కూసో. నీకు మా జానక్క ముచ్చట చెప్త.

నువ్వు సూడలే ఆమెను. నువ్వు పుట్టకముందే పోయింది. మీ తాతకు అన్న ఉండె కదా, మల్సూర్ బావ, ఆయన పెండ్లాం. నాకు యారాలు. అంటే మీ అమ్మ భాషల తోటికోడలు. యారాండ్లంటే కొట్లాడుకోవాలె అనుకుంటది లోకం. మేము గూడ కొట్లాడుకున్నం, ఎందుకు కొట్లాడుకోలే, పొద్దున జుట్లు పట్టుకుంటే మాపటికి ఒక్క పళ్లెంల తిన్నం. మనిషి ఎట్లుండేదనుకున్నవ్? నిలబడితే తలుపు నిండేది. గొంతిప్పితే కాల్వ అవతలి ఒడ్డు మీద బర్లు గూడ మేసుడు ఆపి సూసేటియి. మా ఊరు వేములపల్లి పక్కనే కదా, అన్ని కాల్వ కింది పొలాలు, నాట్ల కాలమొస్తే ఊపిరి పీల్చనియ్యరు. ఇప్పుడంటే మిషన్లొచ్చినయ్, ఎక్కడెక్కడి మనుషులో వచ్చి హిందీల మాట్లాడుకుంట నాటేసి పోతున్నరు. గప్పుడు మేమే. జానక్కనే మా ముఠాకు మేస్త్రి. ఏ పొలం ముందుగాల, ఏ పొలం ఎన్క, ఎవరు ఏ మునుం, అంటే ఏ వరుస, పట్టాలె, అన్ని ఆమెనే చెప్పేది. పెద్ద పెద్ద రైతులు గూడ "సరే జానమ్మా, నువ్వెట్లంటే గట్లనే" అనేటోళ్లు. ఒక ఆడమనిషి మాట గట్ల ఊరంతా ఇనుడు నేను మల్ల ఎక్కడ సూడలే. పామొస్తే తోక పట్టి ఇసిరేసేది, నా కండ్లతోని సూసిన. తాగొచ్చి మడి ఒడ్డు మీద గలాట చేసినోన్ని మెడ పట్టి కాల్వల ముంచి లేపేది. ఇగ మా బావనైతే... మా బావ ఆమె దగ్గినా లేచి నిలబడేటోడు.

గంత మనిషికి కప్పంటే భయం. ఆఁ, కప్పనే. బెకబెక కప్ప. నవ్వినవ్ సూడు! ఇప్పుడెట్లొచ్చింది నవ్వు? నేను గూడ గట్లనే నవ్విన, నవ్వి తిట్లు తిన్న. పెండ్లయి వచ్చిన కొత్తల ఒక దినం బైట గిన్నెలు తోముతున్న. ఇంట్లకెల్లి కేక ఇనవడ్డది, ఎవర్నో నరికినట్టు. చేతుల బూడిదతోనే ఉరికిన. సూస్తే జానక్క వడ్ల గుమ్మి మీదున్నది. గంత మనిషి గంతెత్తు గుమ్మి ఎట్లెక్కిందో ఆ దేవునికే ఎరుక. కింద, గడప కాడ, నా బొటనవేలంత కప్ప ఒకటి కూసోని గొంతు ఆడిస్తుంది. "సరోజనా, దాన్ని తోలు" అన్నది. ఆ గొంతు సూడాలె, పిల్లి పిల్ల లెక్క. నేను చీపురుతోని తోలిన. దిగింది, చీర సర్దుకున్నది, మల్ల మనిషి మనిషయింది. నా దిక్కు వేలు సూపిచ్చి "ఈ ముచ్చట గడప దాటిందో, నారుకు బదులు నిన్ను నాటేస్త" అన్నది. "గింత దానికేందక్కా" అన్న. "గింత దానికే పోతదే అంత. కప్పకు భయపడేదాని ఎన్క మడిల ఎవరు దిగుతరు? ఏ రైతు నా మాట ఇంటడు? నవ్వి నవ్వి ముఠా ఇంకొకరికి ఇస్తరు" అన్నది. సూసినవా? కప్పంటే ఎంత భయమో, ఆ భయం నలుగురికి తెలుస్తదంటే దానికి పదింతలు భయం.

మరి మడిల ఎట్ల దిగేదంటవా? అడుగేస్తే రెండు కప్పలెగిరే కాడ? అదే చెప్తున్న, తొందరెందుకు. ఒడ్డు మీద నిలబడి ఒక నారుకట్ట తీసుకునేది. నీళ్ల మీద ఫట్ ఫట్ అని కొట్టేది, కొట్టి ఒక్క కేక పెట్టేది, "ఓ... హోయ్" అని. మడిల ఉన్న కప్పలన్ని పెండ్లాం పిల్లలతోని అవతలి ఒడ్డెక్కేటియి. గప్పుడు "దిగుండ్రి" అనేది. ముఠాల ఎవ్వరికి అనుమానం రాలే. పైగ, కాల్వ నీళ్లు దండిగున్న కాలం కదా, పంటలు మంచిగ పండినయ్. రైతులేమనుకున్నరు? జానమ్మ నీళ్లు కొడితే భూమికి మంచిదనుకున్నరు. ఒక తాప ఏమయిందో తెలుసా, మా ఊళ్లె రామనర్సయ్య పటేలని ఉండె, ఇంత గడ్డం, నాభి దాక ఉండేది, ఏదో పెద్ద మొక్కున్నదని అందరం అనుకునేటోళ్లం. ఆయన పొలంల ఆ దినం కప్పలు లేవు, చలికి ఎక్కడ దాక్కున్నయో ఏమో, జానక్క సూసుకోని సప్పుడు చేయకుండ దిగింది. మేమందరం నడుములు వంచినం. పటేలు ఉరికొచ్చిండు, పంచె ఎగ్గట్టుకోని. "ఏం జానమ్మా, పక్కోని పొలంల నీళ్లు కొడ్తివి, నా పొలంల కొట్టవా? నా భూమి ఏం పాపం చేసింది?" అని ఒకటే పరేషాన్. ఇగ మల్ల అందరం ఒడ్డెక్కినం, మల్ల కొట్టింది, మల్ల కేకేసింది, మల్ల దిగినం. పాలకీడు దిక్కు ముఠాలోళ్లు గూడ మమ్మల్ని సూసి మొదలుపెట్టిండ్రంట. ఎందుకు కొడ్తున్నరే అంటే "గట్ల కొట్టాలె" అనేటోళ్లంట. పద్ధతులు గట్లనే పుడ్తయ్ బిడ్డా, ఎవరి భయమో ఎవరికెరుక.

ఇగ ఒక ఏడు వాన రాలే. కాల్వల నీళ్లిడువలే. మృగశిర పోయింది, ఆరుద్ర పోయింది, మొగులు దిక్కు సూసి సూసి మెడలు పట్టినయ్. విత్తనాలు ఇండ్లల్ల మూటలు కట్టి ఉన్నయ్. అడుగంటిన బావి నీళ్లు తోడి నారు పోద్దామా, వాన రాకుంటే మాడిపోతది. పోయకుంటే కాలం పోతది. గప్పుడు అందరు కచీరు కాడ, అదే ఊరి చావడి కాడ, కూడి కప్పతల్లిని ఆడాలె అన్నరు. నీకెరుక లేదు కదా? రోకలికి నడుమ కప్పను తడి బట్టల కడ్తరు, సుట్టు వేపమండలు కడ్తరు. ఇద్దరు ఆడోళ్లు చెరో కొస భుజం మీద పెట్టుకోని ఇంటింటికి పోతరు, ఎన్క డప్పులు. ప్రతి ఇంటామె బిందెడు నీళ్లు తెచ్చి కప్ప మీద పోస్తది. కప్ప సంబరంగ అరిస్తే వాన దిగొస్తదని. నువ్వు నమ్మకు, నీ ఇష్టం, మేమైతే నమ్మినం. ముంగటి కొస ఎవరు పట్టాలె అంటే రామనర్సయ్య పటేలు లేచి గడ్డం నిమురుకున్నడు. "ఇంక అడుగుడేంది? జానమ్మ నీళ్లు కొడితేనే పంట పండుతది, కప్పతల్లినెత్తితే వాన పడదా?" అన్నడు. అందరు అవునంటే అవునన్నరు. నేను ఆమె మొఖం సూసిన, నెత్తురు లేదు. మా బావేమో పక్కన నిలబడి మీసం తిప్పుకుంట "మా ఆమెకు కప్పొక లెక్కనా, మొసలినిచ్చినా ఎత్తుతది" అంటుండు. ఆయనకు గూడ తెల్వదు మరి. కట్టుకున్నోనికి గూడ చెప్పలే.

ఇంటికొచ్చి తలుపేసి కూలబడ్డది. "జ్వరమని పండుకుంట" అన్నది. "పండుకో, తగ్గేదాక ఆగి మల్ల నీతోనే ఎత్తిపిస్తరు" అన్న. "తుంగతుర్తి పోత, మా అమ్మగారింటికి" అన్నది. "పో, వాన రాకుంటే జానమ్మ పోవట్టే రాలే అంటరు" అన్న. "మరెట్లనే?" అన్నది.  నన్ను ఆ ఇంట్ల నిలబెట్టిందే ఆమె బిడ్డా. అత్త తిడితే అడ్డం నిలబడింది ఆమె. "అలవాటు చేసుకుందామక్కా" అన్న. ఏం సూసుకోని అన్ననో. మా నీళ్ల గోలెం పక్కన తడికి ఒక కప్ప ఉంటుండె, ఊరంత ఎండినా అది మాత్రం సల్లగ కూసునేది, పటేలు లెక్క. దాన్ని పట్టి గంప కింద బోర్లేసిన. ఇగ జానక్క వాకిట్ల, నేను ఇంట్ల. "ఊపిరి తీస్తుందా?" అంటది. "తీస్తుందక్కా." "నా దిక్కు సూస్తుందా?" "గంప కిందున్నది, ఎట్ల సూస్తది?" "సూస్తుంది, నాకు తెలుస్తుంది." మా బావ పని మీదికెల్లి వచ్చి "ఏందే ఇద్దరు గంప సుట్టు, కోడి పొదిగిందా?" అని అడిగిండు. "అవ్, పొదిగింది, పక్కకు పో" అన్నది.

మర్నాడు గడప దాక వచ్చింది. ఆ మర్నాడు గంప ఎత్తిపిచ్చింది. నేను కప్పను పిడికిట్ల పట్టుకుంటే, నా మోచేతి మీద వేలు పెట్టింది. జర సేపటికి మణికట్టు మీద. ఒక్కొక్క వేలు ముంగటికొస్తుంటే ఇద్దరికి చెమటలు. ఆఖరికి ఒక వేలి కొస కప్ప ఈపు మీద పెట్టి తీసింది. "సల్లగున్నదే" అన్నది, ఆశ్చర్యంగ, నేనేదో కాలుతుందని చెప్పినట్టు. ఇగ దాంతోని మాట్లాడుడు మొదలుపెట్టింది. "ఏందే గుడ్లేసుకోని సూస్తున్నవ్? నీకేం పని లేదా? గీ ఊళ్లె నేనే దొరికిన్నా నీకు?" అని ముఠాల ఆలస్యంగ వచ్చినదాన్ని తిట్టినట్టు తిట్టేది. తిట్టినకొద్ది ధైర్యమొచ్చేది. తిట్టుడయినంక మల్ల ఎండకు ఎండుతదని దాని మీద నీళ్లు గూడ చిలకరించేది. ఇంత చేసినా పట్టుకునే ధైర్యం మాత్రం రాలే. తడి బట్టల కట్టి రోకలికేస్తే మోస్త, ఎన్క కొస మాత్రం నువ్వే పట్టాలె అన్నది. సరే అన్న. ఇంతల మంచి ముచ్చట తెలిసింది. మొగోళ్లు ఊరంత దేవులాడినా కప్ప దొరుకుతలేదంట! ఎండలకు ఎటు పోయినయో. జానక్క నా దిక్కు సూసింది, నేను ఆమె దిక్కు సూసిన, పీడ పాయె అనుకున్నం. గప్పుడే మా బావ కచీరు కాడ లేచి నిలబడి గొంతెత్తి చెప్పిండు, "ఎందుకు పరేషానైతరు, మా గోలెం కాడ ఒకటున్నది!" అని. గంత మొగుడు ఎవరికి దొరుకుతడు చెప్పు.

కప్పతల్లిని ఆడే దినం జానక్క పొద్దుగాలనే తలంటుకున్నది, పసుపు రాసుకున్నది. కప్పను నేనే కట్టిన, ముడి మీద ముడి. రోకలి ముంగటి కొస ఆమె భుజం మీద, ఎన్క కొస నా భుజం మీద. డప్పులు కొడుతున్నరు. మొదటి ఇల్లు, రెండో ఇల్లు, మంచిగనే నడుస్తుంది. ఎన్కకు తిరుగకుండ "ఉన్నదా?" అంటది. "ఉన్నదక్కా" అంట. "లోపలనే ఉన్నదా?" "లోపలనే." గట్లనే పోయి పటేలు ఇంటి ముంగట నిలబడ్డం. పటేలు పెండ్లాం పెద్దింటామె కదా, బిందె గూడ పెద్దదే. ఎత్తి ఒక్కసారే గుమ్మరిచ్చింది. బట్ట జారింది. ముడి ఇడిసింది. కప్ప బైటికొచ్చి అటు సూసింది, ఇటు సూసింది, ఎగిరి జానక్క మెడ మీద కూసున్నది.

ఆ కేక! వేములపల్లి దాక ఇనవడ్డదంటే నమ్ము. కేకేసి ఉరికింది. రోకలి భుజం మీదనే ఉన్నది, చేతులు బిగుసుకపోయినయ్ కదా, ఇడుస్తలేదు. ఎన్క కొసకు నేను. ఇడిస్తే కప్పతల్లి రోకలి నేల మీద పడ్తది, అరిష్టం. ఇడువకుంటే నా పానం పోతది. కాళ్లు భూమికి ఆనుతున్నయో లేదో నాకే తెల్వదు. కొప్పు ఊడింది, కండ్లు పెద్దగయినయ్, ఒళ్లంత వణుకుతుంది, ఎగురుతుంది, అరుస్తుంది. ఊరోళ్లు ఏమనుకుంటరు? శిగమొచ్చింది అనుకున్నరు! అమ్మవారు మీదికొచ్చిందని! డప్పులోళ్లు ఇంకా జోరు పెంచిండ్రు. వాళ్లు కొట్టినకొద్ది కప్ప ఎగురుతుంది, కప్ప ఎగిరినకొద్ది ఆమె ఎగురుతుంది. ఇండ్లల్లకెల్లి ఆడోళ్లు బిందెలతోని ఉరికొచ్చి, ఆగదని దూరం కెల్లే నీళ్లు కొడుతున్నరు. సగం నా మీదనే పడ్డయ్. గట్ల ఉరికి ఉరికి కచీరు కాడ ఆగింది, ముంగట గోడొచ్చింది గనుక.

ఆగంగనే అందరు సుట్టు కూడి దండాలు. ఒకరు పసుపునీళ్లు కాళ్ల మీద పోస్తున్నరు, ఒకరు నిమ్మకాయ కోస్తున్నరు. కప్ప పోయి భుజం మీద కొంగు కింద కూసున్నది, నాకు కనపడుతుంది, ఎవ్వరికి కనపడుతలేదు. ఇగ మా బావొచ్చి సాష్టాంగ పడ్డడు. ఏడుపు! "తల్లీ, మా ఇంట్ల నాటుకోడిని పిల్లి ఎత్తుకపోలే తల్లీ! నేనే దోస్తులతోని కలిసి కల్లు మండువ కాడ వండుకతిన్న! కాపాడు తల్లీ!" అని. జానక్క వణుకుడు ఒక్కసారే ఆగింది. కిందికి సూసింది. ఆ సూపు నాకెరుకే, అది అమ్మవారి సూపు గాదు. ఊరోళ్లు మాత్రం తల్లికి కోపమొచ్చిందని ఇంకో కొబ్బరికాయ కొట్టిండ్రు.

నవ్వు, నవ్వు. కానీ జర ఆగు, ఇప్పుడు చెప్పేది ఇను. పటేలు ముంగటికొచ్చిండు. చేయెత్తంగనే డప్పులు ఆగినయ్. "తల్లీ, ఒక్క మాట అడుగుత. నారు పోసుకోమంటవా, వద్దంటవా? ఇండ్లల్ల విత్తనం తప్ప ఇంకేం లేదు. నువ్వెట్లంటే గట్ల" అన్నడు.  అందరు ఆమె నోటి దిక్కు సూస్తున్నరు, సంకల పిల్లలున్న తల్లులు గూడ. నాకు తెలుస్తుంది బిడ్డా, ఆమె "ఊ" అంటే చాలు, పొద్దుగూకకముందే ఊరంత విత్తనాలు నానేస్తది. వాన రాకుంటే అన్ని మాడిపోతయ్, మల్ల విత్తనం ఎక్కడిది? నిజం చెప్తే ముఠా పోతది, మాట పోతది, ఊరంత నవ్వుతది. నేను రోకలి కొస పట్టుకోని కండ్లతోనే చెప్తున్న, పడిపో అక్కా, తెలివి తప్పినట్టు పడిపో, నేను సంభాళిస్త అని. నా దిక్కు సూడనే లేదు.

"వాన సంగతి నాకేమెరుక పటేలా" అన్నది. "నా మీదికి ఏ అమ్మవారు రాలే. కప్పొచ్చింది. నాకు కప్పంటే భయం. చిన్నప్పటి సంది భయమే. మడిల నీళ్లు కొట్టుడు గూడ గందుకే. నా మాట మీద ఎవ్వరు విత్తనం నానేయకుండ్రి" అన్నది. అని తలకాయ వంచలే. గట్లనే నిలబడ్డది, నీళ్లు కారుకుంట, ముక్కు ఎర్రగ, కొప్పు ఊడి.   ఇప్పుడు నవ్వుతరు, ఇప్పుడు నవ్వుతరు అని నేను కండ్లు మూసుకున్న.

ముందుగాల మాట్లాడింది దేవమ్మ, మా ముఠాలనే ఉండేది, ఆదివారం ఆదివారం చర్చికి పోయేది. "నాకు ఉరుమంటే భయమక్కా. ఉరిమితే ప్రార్థన చేస్తున్న అంట గని, దుప్పటి కప్పుకోని చెవులు మూసుకుంట" అన్నది. ఆమె ఎన్క నీలా, "నాకు జెలగ, జెలగ పట్టిందంటే నా కాలు నాది గాదు" అన్నది. డప్పుకొట్టే రాందాస్, ఎవరన్నా చస్తే అందరికంటె అర్ధగంట ముందుగాలనే వచ్చి కూసునేటోడు, వాడు "నాకు శవాన్ని సూస్తే భయం, గందుకే డప్పు దిక్కే సూసి కొడ్త" అన్నడు. ఇగ ఒకరెన్క ఒకరు, పిల్లికి, సూదికి, బావిలకు తొంగిసూసుడుకి... ఎవ్వరికి ఏ భయం లేదన్నట్టే బతికినం ఇన్నేండ్లు! నవ్వుతనే చెప్తున్నరు, చెప్పుకుంటనే నవ్వుతున్నరు. ఆఖరికి రామనర్సయ్య పటేలు గొంతు సవరిచ్చుకున్నడు. "నాకు మంగలి కత్తి అంటే భయం" అన్నడు. ఏమన్నడో అర్థమయితందుకు జర సేపు పట్టింది మాకు. గడ్డం! మొక్కు గాదు, ఏం గాదు! ఆయన పెండ్లాం నెత్తి కొట్టుకుంట "గా గడ్డం కోసం నేను గూడ ఏడేడు శనివారాలు ఒక్క పొద్దుంటి కదయ్యా!" అన్నది. మా బావ గూడ లేచి "నాకు మా ఆమె అంటే భయం" అన్నడు. "కూసోవయ్యా, అది ఊరందరికెరుకే" అన్నరు.

గప్పుడు జానక్క "సరోజనా, ఇగ దీన్ని తీయ్" అన్నది. నేను చేయి చాపిన. "ఆగు" అన్నది. కండ్లు గట్టిగ మూసుకోని, తనే చేయి పెట్టి తీసింది. తీసి ఇడువలే. మా ఇంటి దాక గట్లనే నడిచింది, ఊరంత ఎన్క. గోలెం పక్కన ఇడిసి, పక్కకు పోయి కక్కుకున్నది. ఆ మాట గూడ చెప్పాలె కదా. ఇంటికొచ్చినంక అడిగిన, భయం పోయిందా అక్కా అని. "ఎక్కడ పోతదే? గట్లనే ఉన్నది. దాచుకునుడు పోయింది, గదే సగం బరువు" అన్నది. ఇగ కోడి సంగతి అడగకు, మా బావ ఆ రాత్రి వాకిట్లనే పండుకున్నడు.

వానొచ్చిందా అంటవా? గా దినం రాలే. కప్ప పాపం దాని తిప్పలు అది పడ్డది, ఇంకేం జేస్తది. మస్తు లేటుగ వచ్చింది వాన. కానీ విత్తనం ఇండ్లల్ల ఉన్నది కదా, గప్పుడు పోసుకున్నం నారు. పంట సగమే, గని తిన్నం. ముఠా ఎటు పోలే. మేస్త్రి ఆమెనే. మడిల కప్ప కనపడితే "ఏయ్, కప్పున్నది, తీయుండ్రే" అని బాజాప్త కేకేసేది, ఎవరో ఒకరు తీసి అవతల పడేసేటోళ్లం, ఇగ నీళ్లు కొట్టే పనే లేదు. అయినా పటేలు ఊకున్నడా? "నీ భయం నీది, నా పొలం నాది, ఎందుకైనా మంచిది, ఒక తాప కొట్టు" అని కొట్టిపిచ్చేటోడు.

ఆమె పోయింది గూడ చెప్పాల్నా? చెప్త తియ్. కడుపుల గడ్డ అన్నరు. మిర్యాలగూడ దవాఖానల ఆపరేషన్. తోల్కపోయే ముందు నర్సమ్మ వచ్చి, చిన్న పిల్ల, "భయమైతుందా అమ్మా?" అని అడిగింది. వేరేటోళ్లయితే లేదంటరు. మా జానక్క "మస్తు భయమైతుంది బిడ్డా. మా చెల్లె జర సేపు నా చేయి పట్టుకుంటది, ఎన్కసిరి తీసుకపో" అన్నది. ఆ పిల్ల మంచిది, ఆగింది. నేను చేయి పట్టుకున్న. సల్లగున్నది. "సరోజనా, నీకు దేనికి భయమో ఎన్నడు చెప్పకపోతివి" అన్నది. నాకేం భయముంటదక్కా అందామనే నోరు తెరిచిన. వేరే మాటొచ్చింది. "నువ్వు మల్ల బైటికి రావేమోనని" అన్న. నా మొఖం దిక్కు సూసి నవ్వింది. "చెప్పినవ్ కదా, ఇగ జర తేలికైతది తియ్" అన్నది. బండి తోసుకోని లోపలికి తోల్కపోయిండ్రు.

రాలే.

తేలిక గూడ గాలే బిడ్డా.

... ఏంది ఆ సప్పుడు? నల్లా వచ్చినట్టున్నది. లే, జల్ది పోయి బిందె పెట్టు, మల్ల బందైతది.